సెలవు ప్రభుత్వం ఇస్తుంది, జీతం మాకు తగ్గుతుంది: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కార్యాలయంలో ఏజెన్సీ ద్వారా డేటా ఎంట్రీ ఆపరేటరుగా పనిచేస్తున్నాను. నెలాఖరున మా కార్యాలయంలోని అవుట్‌సోర్సింగ్ సిబ్బంది హాజరు పట్టికను టైపు చేసి, అధికారి సంతకం చేయించి ఏజెన్సీకి పంపే పని నాదే కాబట్టి ఎవరి జీతం ఎన్ని రోజులకు తగ్గిందో, ఎందుకు తగ్గిందో నాకు తెలుసు. అనారోగ్యంతో రాని రోజు, సొంత పని మీద రాని రోజు, ప్రభుత్వమే కార్యాలయానికి తాళం వేయించిన రోజు, ఈ మూడింటికీ ఆ పట్టికలో ఒకే గుర్తు పడుతుంది: గైర్హాజరు. మొదటి రెండింటి గురించి నేను ఇక్కడ వాదించడం లేదు. మూడో దాని గురించే ఈ లేఖ రాస్తున్నాను.

2021 జూన్‌లో ఆర్థిక శాఖ ఇచ్చిన జీవో 60లో అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి మూడు శ్రేణులుగా నెలకు 15,600, 19,500, 22,750 రూపాయలు నిర్ణయించారు. అది నెల జీతమే తప్ప రోజు కూలి కాదు. ఆ ఉత్తర్వు ఏజెన్సీ ఒప్పందంగా మారి మా దాకా వచ్చేసరికి మాత్రం, మా కార్యాలయంలో లాగే మరికొన్ని చోట్ల కూడా, ఆ మొత్తాన్ని నెల పనిదినాలుగా పెట్టుకున్న 26తో భాగించి, వచ్చిన భాగఫలాన్ని హాజరైన రోజులతో గుణించి బిల్లు పెడుతున్నారు. ఆ లెక్కన కార్యాలయం ఊడ్చే మనిషికి రోజు విలువ 600 రూపాయలు, నాలాంటి వారికి 750 రూపాయలు. దసరా, దీపావళి కలిసి వచ్చిన నెలలో నాలుగు సెలవులు పడ్డాయంటే ఊడ్చే మనిషి జీతంలో 2,400 రూపాయలు తగ్గుతాయి. ఆ నెలలోనే ఇంటికి ఆడపడుచులు వస్తారని, పిల్లలకు బట్టలు కొనాలని వేరే చెప్పనవసరం లేదు. 2025లో గాంధీ జయంతి, దసరా ఒకే రోజున వచ్చాయి. రెండు సెలవులు ఒకటైపోయాయని రెగ్యులర్ ఉద్యోగులు చిన్నబుచ్చుకుంటే, ఒక రోజు జీతం దక్కిందని మా వాళ్లు లోలోపల సంతోషించారు. ఆ ఏడాది గణతంత్ర దినోత్సవం ఆదివారం పడినప్పుడు కూడా అంతే. పండుగలన్నీ ఆదివారాలే రావాలని కోరుకునే ఉద్యోగులు ఈ రాష్ట్రంలో ఉన్నారని మీకు తెలియజేయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఈ కోతకు ఏజెన్సీల దురాశే కారణమని చాలామంది అనుకుంటారు. ఏజెన్సీల మీద మాకున్న ఫిర్యాదులు వేరే ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో తప్పంతా వారిదే అనడం న్యాయం కాదు. ఏజెన్సీకి శాఖ చెల్లించేది పనిదినాల లెక్కన, దాని మీద వచ్చే సర్వీసు చార్జీ కూడా ఆ లెక్కనే. సెలవు రోజున మాకు జీతం ఇవ్వాలంటే ఆ సొమ్మును ఏజెన్సీ తన చేతి నుంచి పెట్టుకోవాలి. అలా పెట్టుకునే ఏజెన్సీ తక్కువ సర్వీసు చార్జీ కోట్ చేసిన వారికే పని దక్కే టెండరులో నిలబడదు. కాబట్టి కోత మొదలయ్యేది టెండరు పత్రంలో, వర్క్ ఆర్డరులో ఉన్న ఒక వాక్యం దగ్గర. ఆ వాక్యం రాసింది ప్రభుత్వం. మార్చగలిగిందీ ప్రభుత్వమే.

అన్ని కార్యాలయాల్లో ఇలాగే జరుగుతోందని నేను చెప్పడం లేదు. సెలవులతో నిమిత్తం లేకుండా నెలకు పూర్తి జీతం ఇచ్చే శాఖలు ఉన్నాయి. ఒకే ప్రాంగణంలో, ఒకే జీవో కింద, ఒకే శ్రేణిలో పనిచేసే ఇద్దరిలో ఒకరికి ఆగస్టు 15న జీతం ఉండి, మరొకరికి లేకపోవడం ఎలా సాధ్యమైందని అడిగితే, 'ఆ సారు అలా రాశారు, ఈ సారు ఇలా రాశారు' అన్నదే సమాధానం. అధికారి ఉదారతను బట్టి మారేదాన్ని మేము హక్కు అని ఎలా అనుకోగలం?

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. జాతీయ, పండుగ సెలవుల కోసం మన ఉమ్మడి రాష్ట్రంలో 1974లోనే ఒక చట్టం వచ్చింది. ప్రైవేటు సంస్థల యజమానులు తమ కార్మికులకు జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 వంటి రోజుల్లో వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని, ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు వేతనమో, వేతనంతో పాటు మరో రోజు సెలవో ఇవ్వాలని అందులో ఉంది. దాని అమలును చూడాల్సింది మీ శాఖే. కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద 1971లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో 25వ నిబంధన, నేరుగా నియమితులైన వారు చేసే పనినే కాంట్రాక్టరు మనుషులు చేస్తున్నప్పుడు వేతనం, పని గంటలతో పాటు సెలవులు కూడా సమానంగా ఉండాలని విడిగా పేర్కొంది. 2025 నవంబర్ 21 నుంచి ఆ కాంట్రాక్టు కార్మికుల చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది. కాంట్రాక్టరు వేతనం చెల్లించకపోతే ఆ బాధ్యత, కాంట్రాక్టరు ద్వారా పని చేయించుకునే ప్రధాన యజమానిదేనన్న సూత్రం అందులోనూ కొనసాగింది. ప్రభుత్వ కార్యాలయంలో ప్రధాన యజమాని ఎవరో నేను చెప్పనక్కర్లేదు.

వీటన్నిటికంటే స్పష్టమైన మాట ఎన్నికల చట్టంలో ఉంది. ప్రజా ప్రాతినిధ్య చట్టం, 1951లోని 135బీ సెక్షన్ పోలింగ్ రోజున వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని చెప్పి అక్కడితో ఆగలేదు. మామూలుగా సెలవు రోజుకు వేతనం రాని పద్ధతిలో పనిచేసే వ్యక్తికి కూడా, సెలవు ఇవ్వకపోయి ఉంటే ఆ రోజు ఎంత సంపాదించేవాడో అంత చెల్లించాలని చెప్పింది. సెలవు అతను అడిగింది కాదు, రాజ్యం ప్రకటించింది, అందువల్ల నష్టం అతని మీద పడకూడదన్న ఆలోచన ఆ వాక్యం వెనుక ఉంది. ఓటు వేసే రోజుకు వర్తించే ఈ న్యాయం జెండా ఎగరేసే రోజుకు ఎందుకు వర్తించదో నాకు అర్థం కాలేదు. కరోనా మొదలైన రోజుల్లో, 2020 మార్చి 23న, కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఇదే దారిలో నడిచింది. లాక్‌డౌన్ వల్ల ఇంటి దగ్గర ఉండిపోయిన కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందిని విధుల్లో ఉన్నట్టే పరిగణించి జీతం ఇవ్వాలని కేంద్ర కార్యాలయాలకు ఆదేశాలిచ్చింది.

క్యాలెండరులో ముందే ఉన్న సెలవుల సంగతి ఒక ఎత్తు, రాత్రికి రాత్రి ప్రకటించే సెలవులు ఒక ఎత్తు. మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మరణించినప్పుడు 2024 డిసెంబర్ 27న రాష్ట్ర ప్రభుత్వం సెలవు ప్రకటించింది. ఆ గౌరవం ఆయనకు దక్కవలసిందే. అయితే సంతాప దినానికి అయ్యే ఖర్చును రాష్ట్రమంతా కలిసి మోయాలి తప్ప, ఊడ్చే మనిషి 600 రూపాయలు, వాచ్‌మన్ 600 రూపాయలు విడిగా చెల్లించకూడదు. భారీ వర్షాలకు ఇచ్చే సెలవులూ అంతే. వాన వల్ల ఇల్లు కారుతున్న మనిషికే జీతమూ తగ్గుతుంది. జనవరి 1న సెలవు ఇచ్చినప్పుడు బదులుగా ఫిబ్రవరిలో రెండో శనివారాన్ని పనిదినం చేసేంత జాగ్రత్తగా సెలవుల లెక్క చూసే ప్రభుత్వానికి మా లెక్క కనబడకపోవడం మాత్రం వింతగానే ఉంది.

ఇక సెలవు రోజున కూడా పనిచేసే వారి మాట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పారిశుధ్య కార్మికులకు, పేషెంట్ కేర్ సిబ్బందికి, సెక్యూరిటీ గార్డులకు పండుగ లేదు. దసరా రోజు వార్డు కడిగిన మనిషికి అందేది మామూలు రోజుకు అందే మొత్తమే. రెట్టింపు వేతనం, బదులు సెలవు అన్న మాటలు చట్టంలో ఉన్నాయని కూడా వారిలో చాలామందికి తెలియదు. తెలిసిన వారు అడగరు, ఎందుకంటే ఏజెన్సీ మారినప్పుడు కొత్త జాబితాలో తమ పేరు ఉంటుందో లేదో అన్న భయం. కార్యాలయం మూస్తే జీతం పోతుంది, తెరిచి ఉంటే అదనంగా ఏమీ రాదు. రెండు వైపులా నష్టం మా వాళ్లదే.

జీతం తగ్గితే పీఎఫ్ కూడా తగ్గుతుంది. ఏడాదికి ఇరవైకి పైగా ఉండే సాధారణ సెలవుల్లో ఆదివారాలు పోగా మిగిలినవన్నీ కోతకు గురైతే, పదేళ్లు పనిచేసిన మనిషి ఖాతాలో చేరకుండా పోయిన సొమ్ము ఎంతో ఆర్థిక శాఖ అధికారులు సులభంగా లెక్క కట్టగలరు. కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐలో అనారోగ్య భృతికి ఆరు నెలల వ్యవధిలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. మధ్యలో చేరిన వారికి ఈ కోత రోజులు అక్కడ కూడా అడ్డు పడతాయి. పీరియడ్ల లెక్కన వేతనం తీసుకునే గెస్ట్ లెక్చరర్ల పరిస్థితి మా కంటే కష్టం. దసరా సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో వారికి పీరియడే ఉండదు. వారు మీ శాఖ కిందికి రాకపోయినా మంత్రివర్గంలో మీరు ఆ మాట ఎత్తవచ్చు.

దీనికి ఆర్థిక భారం అనే అభ్యంతరం వస్తుందని తెలుసు. పోస్టులు మంజూరు చేసేటప్పుడు మంజూరు చేసేది నెల జీతాన్నే కదా. మేము అడుగుతున్నది కొత్త సొమ్ము కాదు, మా పేరున మంజూరై మాకు చేరకుండా ఆగిపోతున్న సొమ్ము. వీరు మా ఉద్యోగులు కారు, ఏజెన్సీ మనుషులు అన్నది రెండో అభ్యంతరం. ఉద్యోగాలు ఇవ్వకుండా తప్పించుకోవడానికి ప్రభుత్వ సంస్థలు అవుట్‌సోర్సింగ్‌ను కవచంలా వాడుకోవడాన్ని 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మేము ఈ లేఖలో క్రమబద్ధీకరణ అడగడం లేదు. అది పెద్ద విషయం, దాని దారి వేరు. ప్రభుత్వం తనంతట తాను తలుపులు మూసిన రోజుకు జీతం ఆపవద్దని మాత్రమే అడుగుతున్నాం.

అందుకు కావలసింది ఆర్థిక శాఖ సమ్మతితో ఒక ఉత్తర్వు. సాధారణ సెలవులు, జిల్లా కలెక్టర్లు ప్రకటించే స్థానిక సెలవులు, అప్పటికప్పుడు ప్రకటించే సెలవులు అన్నీ హాజరు దినాలుగానే లెక్కించాలని, ఆ మేరకు ఏజెన్సీకి బిల్లు చెల్లించాలని అందులో ఉండాలి. సెలవు రోజున పనిచేసిన వారికి చట్ట ప్రకారం దక్కాల్సింది ఏమిటో టెండరు పత్రంలోనే రాయాలి. ప్రతి నెలా జీతం చీటీ ఇచ్చి, ఎన్ని రోజులకు ఇచ్చారో, ఎన్ని రోజులు ఎందుకు కోశారో అందులో చూపించాలి. ఇతర శాఖలు కదలడానికి సమయం పడితే ముందుగా మీ శాఖ కార్యాలయాల్లో, ఈఎస్ఐ ఆసుపత్రుల్లో అమలు చేయించండి. కార్మికుల హక్కులు చూసే శాఖే పాటించిందంటే మిగతా శాఖల అధికారులకు చెప్పడానికి సాకు ఉండదు.

మా కొనసాగింపు ఉత్తర్వులు ఆర్థిక సంవత్సరం లెక్కన వస్తాయి కాబట్టి మార్చి 31 లోపు ఈ మార్పు జరిగితే ఏప్రిల్ వర్క్ ఆర్డర్లలోనే చేరుతుంది. మీ శాఖ అధికారులు విచారణకు వస్తే హాజరు పట్టికలు, బ్యాంకు ఖాతాలో జమైన మొత్తాలు పక్కపక్కన పెట్టి చూపడానికి నాతో పాటు మరికొందరు సిద్ధంగా ఉన్నారు. పేర్లు గోప్యంగా ఉంచుతామన్న హామీ మాత్రం ముందుగా కావాలి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి