పని మారితే వీసా దరఖాస్తూ మళ్లీ పెట్టాలి

సంపాదకులు గారికి,

మా అబ్బాయి బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా (నైపుణ్యం ఉన్న ఉద్యోగులకిచ్చే వీసా) మీద ఉన్నాడు. అదే కంపెనీలో వేరే పని ఇస్తామంటే సంతోషపడ్డాం, కానీ ఆక్యుపేషన్ కోడ్ (ఉద్యోగం ఏ రకమో చెప్పే ప్రభుత్వ సంఖ్య) మారితే యజమాని అదే అయినా ఆ యజమాని ఇచ్చే కొత్త స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ (వీసా కోసం ఉద్యోగ వివరాలతో ఇచ్చే ధ్రువీకరణ) తీసుకుని, మళ్లీ దరఖాస్తు పెట్టి, అది మంజూరయ్యాకే కొత్త పనిలో చేరాలని మాకెవరూ చెప్పలేదు. గాజువాకలో మేం డబ్బు కట్టిన ఏజెంటు "వీసాకి ఇంకా గడువుంది కదా, ఏం కాదు" అన్నాడు. అది తప్పు. పైగా దరఖాస్తు మీద నిర్ణయం రాకముందే మా అబ్బాయి సంక్రాంతికి విశాఖ వచ్చేస్తే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్కట, టికెట్ కొన్నాక తెలిసి ఎంత టెన్షన్ పడ్డామో! 2025 జూలై 22 నుంచి ఈ వీసాకి ఉండాల్సిన సాధారణ కనీస జీతాన్ని ఏడాదికి 41,700 పౌండ్లకు పెంచారు కూడా. దయచేసి ఈ నిబంధనలు మీ పత్రికలో తెలుగులో వివరంగా వేయండి.

- ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం