పింగోను మంచుకొండ అనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

కెనడా ఉత్తర తీరంలో టుక్టోయక్టుక్ ఊరి దగ్గరున్న ఇబ్యుక్ అనే దిబ్బను తెలుగులో 'మంచుకొండ' అనేస్తున్నారు. ఆ మాట వినగానే సముద్రంలో తేలే తెల్లటి దిమ్మ మనసులో మెదులుతుంది. ఇబ్యుక్ అలా ఉండదు. పైకి అది గడ్డీ పొదలూ పట్టిన మట్టిదిబ్బే. ఎత్తు 49 మీటర్లు, అడుగున వెడల్పు దాదాపు 300 మీటర్లు. మంచు ఉన్నది దాని కడుపులో. ఇలాంటి దిబ్బకు స్థానిక ఇనువియలుయిట్ ప్రజల మాట పింగో. శాస్త్రవేత్తలూ అదే తీసుకున్నారు, మనకూ అదే చాలు.

అక్కడ నేల వందల మీటర్ల లోతుదాకా ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది, చెరువుల అడుగున తప్ప. గట్టు తెగి చెరువు ఖాళీ అయిందంటే అడుగునున్న తడి ఇసుకకూ చలి తగులుతుంది. పైనుంచీ పక్కలనుంచీ గడ్డకట్టుకొస్తుంది. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి, మధ్యలో మిగిలిన నీటికి పోయే దారి ఉండదు. చివరిదాకా మడుగు నిలిచిన చోట పైపొర పలచన. ఆ ఒత్తిడికి నేల అక్కడే బొబ్బలా లేస్తుంది, లోపలి నీరు గట్టి మంచుగడ్డ అవుతుంది. ఇబ్యుక్ ఇప్పటికీ ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతోంది.

ముప్పు శిఖరం దగ్గరే మొదలవుతుంది. పెరిగేకొద్దీ అక్కడి మట్టి సాగి బీటలు వారుతుంది. బీట మంచుదాకా దిగితే వేసవి ఎండ నేరుగా లోపలికి తగులుతుంది. గుంట పడి నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్ల వెచ్చదనం మరికొంత కరిగిస్తుంది. ఆఖరికి మిగిలేది గుండ్రటి మట్టిగట్టు. మంచుకు కప్పుగా ఉన్నది ఆ గడ్డి, ఆ మట్టే. మనుషులు ఎక్కి దిగి కాలిబాట పడితే ముందు గడ్డి చస్తుంది, తర్వాత వాలు మీది మట్టి జారుతుంది.

2017 నవంబరులో ఇనువిక్ పట్టణం నుంచి టుక్టోయక్టుక్‌కు ఏడాదంతా తిరిగే రోడ్డు తెరిచారు. అది వేసేటప్పుడు నేలను తవ్వలేదు. చలికాలంలో జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద కంకర మట్టి పోశారు. కింది మంచు చెదరకూడదనే అంత శ్రమ. ఇప్పుడు కార్లలో అక్కడికి చేరేవాళ్లకు కూడా అదే జాగ్రత్త కావాలి.

కెనడాలో మనవాళ్లూ తక్కువేం లేరు. అందుకే మీ యాత్రా కథనాల్లో పింగో ఫొటో వేసినప్పుడల్లా కింద ఒక్క వాక్యం చేర్చండి: దూరం నుంచి చూడాలి, ఎక్కకూడదు.

ఇట్లు
ఒక భూగోళ శాస్త్ర అధ్యాపకుడు