ఆటా సాగాలి, లెక్కా సాగాలి

చిన్నా,

ఆడుతుంటే స్క్రీన్ మీద బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, ఖాళీ సమయంలో మన కంప్యూటర్లతో సైన్స్ లెక్కలు చేయించే బోయింక్ ప్రోగ్రాంను తీసేస్తే ఆ తడబాటు పోతుందా అని అడిగావు కదా. పోతుంది. కానీ తీసెయ్యకు నాన్నా. నువ్వు ఆడుతున్నావన్న సంగతి దానికి తెలియకపోవడమే ఇక్కడి చిక్కు. అది తెలిసేలా చేస్తే ఆటా బాగుంటుంది, బోయింక్‌లో నువ్వు చేరిన, కొత్త నక్షత్రాలను వెతికే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టు లెక్కలూ సాగుతాయి.

ముందు తడబాటు ఎందుకు వస్తోందో చెబుతాను. బోయింక్ తన సీపీయూ పనులన్నిటినీ విండోస్‌లో అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యంతో నడుపుతుంది. పంక్తిలో అందరూ తిన్నాక కూర్చునే మనిషి లాంటిదన్నమాట. ఆట సీపీయూ అడిగిన క్షణంలో అది పక్కకు తప్పుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డులో ఈ మర్యాద లేదు. అక్కడ లెక్కల ముక్క ఒకటి మొదలైందంటే, ఆట ఫ్రేము, అంటే స్క్రీన్ మీద గీయాల్సిన తర్వాతి బొమ్మ, దాని వెనకాల నిలబడాల్సిందే. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. నీ 144 హెర్ట్జ్ మానిటర్‌కైతే 7 కూడా లేవు. అందులో నాలుగైదు లెక్కలకే పోతే ఇక మిగిలేదేముంది? దానికి తోడు ఆ పని కార్డు మెమరీలో కొంత ఆక్రమిస్తుంది. ఎన్‌విడియా కార్డుల మీద ఓపెన్‌సీఎల్ (గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే పద్ధతి) పనులు చాలావరకు ఒక సీపీయూ థ్రెడ్‌ను (ఒకసారికి ఒక పని చేసే దారిని) కూడా పూర్తిగా పట్టుకుని కూర్చుంటాయి. అందుకే ఆడేటప్పుడు జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) పనిని తగ్గించి లాభం లేదు, పూర్తిగా ఆపాలి.

ఆ ఏర్పాటు బోయింక్‌లోనే ఉంది. వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ వ్యూకు మారి, ఆప్షన్స్‌లో ఎక్స్‌క్లూజివ్ అప్లికేషన్స్ తెరువు. రెండు జాబితాలు కనిపిస్తాయి. పై జాబితాలో చేర్చిన ప్రోగ్రాం నడుస్తున్నంతసేపు సీపీయూ, జీపీయూ, నెట్ అన్నీ ఆగిపోతాయి. కింది జాబితాలో చేర్చితే జీపీయూ పని మాత్రమే ఆగుతుంది. తేలికపాటి ఆటలు కింద పెట్టు. సీపీయూను పిండేసేవి, ఆన్‌లైన్‌లో పోటీపడి ఆడేవి పైన పెట్టు. తక్కువ ప్రాధాన్యం అన్నది కోర్ ఎవరికి దక్కాలన్న దాని గురించే. ప్రాసెసర్ కాషె (లోపలి చిన్న మెమరీ), ర్యామ్ బ్యాండ్‌విడ్త్, వేడి వీటిలో ఆ వరస ఏదీ పనిచెయ్యదు. కాబట్టి సీపీయూ లెక్కలు కూడా ఫ్రేములను కొంత తినేస్తాయి. పైగా పూర్తయిన పనిని అప్‌లోడ్ చేసే సమయంలో పింగ్, అంటే ఆట సర్వర్ జవాబివ్వడానికి పట్టే సమయం, పెరగొచ్చు. నెట్‌ను ఆపేది పై జాబితా ఒక్కటే.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. జాబితాలో చేర్చాల్సింది లాంచర్‌ను (ఆటను తెరిచే ప్రోగ్రాంను) కాదు, ఆట నడిపే అసలు ఫైలును. స్టీమ్‌ను చేర్చావనుకో, అది పొద్దస్తమానం వెనకాల నడుస్తూనే ఉంటుంది కాబట్టి బోయింక్ ఇక లేవదు. కౌంటర్ స్ట్రైక్ 2కి ఫైలు పేరు సీఎస్2. వాలరెంట్‌కి మాత్రం డెస్క్‌టాప్ మీద నువ్వు నొక్కే ఐకాన్ వేరు, నడిచే ఫైలు వేరు. అసలు దాని పేరు 'వాలరెంట్' తర్వాత 'విన్64', ఆ తర్వాత 'షిప్పింగ్' అని ముగుస్తుంది. ఏ ఆటకైనా పేరు కనుక్కోవడం తేలికే. ఆట తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లోకి వెళ్ళు. ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి 'గో టు డిటైల్స్' నొక్కితే అసలు ఫైలు దగ్గరే ఆగుతుంది. మళ్ళీ అక్కడే రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కితే అది ఏ ఫోల్డర్‌లో ఉందో తెలుస్తుంది. బోయింక్‌లో 'యాడ్' నొక్కి ఆ ఫైలునే ఎంచుకో.

ఆట తెరవగానే పని ఆగలేదని కంగారు పడకు. నడుస్తున్న ప్రోగ్రాములను బోయింక్ క్షణక్షణం చూడదు, దాదాపు 10 సెకన్లకోసారి చూస్తుంది. లోడింగ్ స్క్రీన్ అయ్యేలోపు సర్దుకుంటుంది.

'కంప్యూటర్ వాడుతున్నప్పుడు జీపీయూ ఆపు' అనే టిక్కు బోయింక్ ప్రిఫరెన్సెస్‌లో ఎలాగూ ఉంది కదా, ఈ జాబితా ఎందుకంటావేమో. వాడుతున్నావా లేదా అన్నది అది కీబోర్డు, మౌస్ కదలికను బట్టి తేల్చుకుంటుంది. మామూలుగా 3 నిమిషాలు కదలిక లేకపోతే నువ్వు లేచి వెళ్ళిపోయావనుకుంటుంది. గేమ్‌ప్యాడ్ మీటలు ఆ లెక్కలోకి సాధారణంగా రావు. కంట్రోలర్ పట్టుకుని ఫుట్‌బాల్ ఆడుతుంటే సరిగ్గా మూడో నిమిషం దాటాక ఫ్రేములు పడిపోయేది అందుకే. ఆ టిక్కు ఉంచు, దాన్నే నమ్ముకోకు.

'ఇతర ప్రోగ్రాముల సీపీయూ వాడకం 25 శాతం దాటితే ఆపు' అని ఇంకొకటి ఉంటుంది. దాని టిక్కు తీసెయ్యి. ఆట మెనూలో ఉండగా వాడకం తగ్గుతుంది, బోయింక్ లేస్తుంది. మ్యాచ్ మొదలవగానే పడుకుంటుంది. ఈ లేవడం, పడుకోవడంతోనే కొత్త కుదుపులు పుడతాయి. యాక్టివిటీ మెనూలో కూడా 'ఎల్లప్పుడూ నడుపు' అన్నది ఎంచుకోవద్దు. అప్పుడు బ్యాటరీ, వాడకం లాంటి షరతులను అది లెక్కచెయ్యదు. 'ప్రిఫరెన్సెస్ ప్రకారం' అన్నదే ఉండాలి, సీపీయూకీ జీపీయూకీ.

ఆపితే చేసిన పని పోతుందేమో అని నీకు బెంగ ఉంటుంది. జీపీయూ పని ఆగినప్పుడు కార్డు మెమరీ పూర్తిగా ఖాళీ చేసి వెళ్ళిపోతుంది. మళ్ళీ మొదలయ్యేది చివరిసారి దాచుకున్న చోటు నుంచి. అలా దాచుకోవడాన్నే చెక్‌పాయింట్ అంటారు. మహా అయితే చివరి కొద్ది నిమిషాల పని పోతుంది, అంతే. సీపీయూ పనులకు మాత్రం 'ఆగినా మెమరీలోనే ఉంచు' అనే ఎంపిక ఉంది. నీది 16 జీబీ ర్యామ్ కాబట్టి పెద్ద ఆటలు ఆడేవాడివి ఆ టిక్కు పెట్టకు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ కావాలనే ప్రాజెక్టుల్లో ఇప్పుడే చేరకు. వాటికి ర్యామ్ బాగా కావాలి, మాటిమాటికీ ఆపితే అవి సరిగ్గా లేవవు కూడా.

పనులను గుట్టగా తెచ్చుకోవద్దు. ముందుగా నిల్వ ఉంచే పని 0.1 రోజు, అదనంగా 0.5 రోజు చాలు. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ పనికి సాధారణంగా 14 రోజుల గడువు ఉంటుంది. ఒకే పనిని రెండు కంప్యూటర్లకు ఇచ్చి, ఫలితాలు కలిస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే నీ దగ్గర పని ఆగిపోతే, ఎక్కడో నీకు తెలియని మనిషి చేసిన పని కూడా నీ కోసం కాచుకుని ఉంటుంది. 2010లో ఆ ప్రాజెక్టుకు దొరికిన మొదటి కొత్త పల్సార్ (గిర్రున తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే నక్షత్రం) ఇలాగే బయటపడింది. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఒక దంపతుల కంప్యూటరూ, జర్మనీలోని మైన్జ్‌లో ఒకరి కంప్యూటరూ, అరెసిబో టెలిస్కోపు 2007లో పట్టిన సంకేతాలను జల్లెడ పట్టాయి. సెకనుకు 41 సార్లు తిరిగే నక్షత్రం అది! వాళ్ళవీ ఇళ్ళల్లో, ఆఫీసుల్లో ఉండే మామూలు మిషన్లే. తీసెయ్యొద్దని నేను ఇంతగా చెప్పడం అందుకే నాన్నా.

వేడి సంగతి జాగ్రత్త. 'సీపీయూ సమయం 70 శాతం' లాంటి అంకె పెడితే చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పద్ధతిలో పని కాసేపు పూర్తి వేగంతో నడుస్తుంది, కాసేపు ఆగుతుంది, ఉష్ణోగ్రత ఎగిరెగిరి పడుతుంది. సమయాన్ని 100 దగ్గరే ఉంచి, వాడే థ్రెడ్ల శాతం తగ్గించు. నీ 16 థ్రెడ్లలో 50 శాతం అంటే 8 నడుస్తాయి, అది చాలు. గ్రాఫిక్స్ కార్డుకైతే కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో పవర్ లిమిట్ 70 శాతానికి దించు. తగ్గిన కరెంటుతో పోలిస్తే లెక్క వేగం తగ్గేది కొంచెమే. ఆడే ముందు మళ్ళీ 100కి పెంచుకో. మే నెలలో మధ్యాహ్నాలు నడపనే వద్దు. బోయింక్ డైలీ షెడ్యూల్స్‌లో రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా పెట్టు.

కరెంటు లెక్క కూడా వేసుకో. మామూలు కన్నా 150 వాట్లు ఎక్కువ లాగితే, రోజుకు 8 గంటల చొప్పున నెలకు 36 యూనిట్లు. మన శ్లాబుల్లో అవి నిన్ను పై మెట్టు ఎక్కిస్తాయేమో పాత బిల్లు తీసి చూడు. ఎక్కిస్తే గంటలు తగ్గించు, అందులో తప్పేం లేదు. కరెంటు పోయినప్పుడు ఇంకో సంగతి. యూఎస్‌బీ తీగతో కలిపిన యూపీఎస్ అయితే విండోస్ దాన్ని బ్యాటరీగా గుర్తిస్తుంది, బోయింక్ ఆగుతుంది. ఇంటి ఇన్వర్టర్ సంగతి కంప్యూటర్‌కు తెలియదు, అది నడుస్తూనే ఉండి బ్యాటరీ హరించేస్తుంది. అప్పుడు ట్రేలోని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి స్నూజ్ నొక్కు, గంటసేపు పడుకుంటుంది.

అన్నీ పెట్టాక ఒకసారి ఆడి చూసి, టూల్స్ మెనూలో ఈవెంట్ లాగ్ తెరువు. ఎక్స్‌క్లూజివ్ యాప్ నడుస్తున్నందువల్ల ఆపుతున్నట్టు ఒక వరస కనిపించాలి. కనిపించకపోతే ఫైలు పేరు తప్పు. ఆట మూసినా లెక్క మొదలవ్వకపోతే, మూసుకోని ఆట ప్రాసెస్ ఏదైనా వెనకాల వేలాడుతోందేమో టాస్క్ మేనేజర్‌లో చూసి ముగించు. వాడదగ్గ జీపీయూ లేదని లాగ్ మొదట్లో ఉంటే విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌ను మార్చి ఉండొచ్చు. కార్డు కంపెనీ సైటు నుంచి డ్రైవర్ మళ్ళీ వేసి రీస్టార్ట్ చెయ్యి.

ఆదివారం ఫోన్ చేసేటప్పుడు ఆ లాగ్ తెరిచి పెట్టుకో, ఇద్దరం కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
అమ్మ