మా గుట్ట ఎక్కే బండికి దారి చూపండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నా పాత పికప్ టూ వీల్ డ్రైవ్, అంటే ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. దాన్ని నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చుకుంటానని పెట్టుకున్న అర్జీ గురించే ఈ ఉత్తరం. ప్రజావాణిలో రెండు సోమవారాలు ఇచ్చాను, రవాణా ఆఫీసులో మూడుసార్లు ఇచ్చాను. రసీదులున్నాయి. జవాబు లేదు.

మాది నల్లగొండ జిల్లా చందంపేట మండలంలో గుట్ట మీది తండా. తారు రోడ్డు దిగితే వాగు, వాగు దాటితే మొరం ఎక్కుడు. వానాకాలంలో నీళ్లు దారిని నడిమికి కోసేస్తాయి. వెనక చక్రం ఒకటి ఆ కోత మీద గాల్లోకి లేచిందంటే ఇంజను బలమంతా దానికే పోతుంది, నేల మీదున్న రెండోది కదలదు. ఖాళీ బండయితే ఇంకా కష్టం. వెనక బరువు లేక చక్రాలు ఉన్నచోటే తిరిగి గుంత తవ్వుతాయి. అందుకే ఖాళీగా వచ్చిన ప్రతిసారీ బాడీలో బండరాళ్లు వేసుకొని గుట్ట ఎక్కుతాను సార్. పదకొండేళ్లుగా ఇదే పని.

లోడుతో దిగితే వాగు ఇసుక పట్టుకుంటుంది. మొన్న ఆగస్టులో బత్తాయి లోడు మధ్యలో దిగబడింది. ట్రాక్టర్ దొరకలేదు. సగం కాయ సంచుల్లోకి ఎత్తి దింపి, బండిని అవతలి గట్టుకు చేర్చి, ఆ సంచులన్నీ నెత్తిన మోసుకొచ్చి మళ్లీ ఎక్కించాం. నల్లగొండ మార్కెట్‌కు పోయేసరికి వేలం అయిపోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. రాత్రిపూట 108 గుట్ట కింద ఆగితే మనిషిని అక్కడిదాకా దింపేదీ ఈ బండే.

ఇదే మోడల్‌ను కంపెనీ ఫోర్ వీల్ డ్రైవ్‌లోనూ అమ్మింది. తుక్కుకు పోయిన అలాంటి బండి నుంచి ముందు యాక్సిల్, ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, షాఫ్టులు తెచ్చి బిగించొచ్చని మా మెకానిక్ అన్నాడు. ముందు, వెనక గేర్ల నిష్పత్తి ఒక్కటే ఉండాలని, తారు మీద టూ వీల్‌లోనే నడపాలని నాకు తెలుసు. స్టీరింగ్, బ్రేకులు, కమాన్ కట్టలు కూడా కదిలించే పని ఇది. అందుకే మీవాళ్లు చూసి, నడిపి, పరీక్షించాకే ఆర్‌సీలో ఎక్కించమని అడిగాను. అంతకంటే ఏం అడగలేదు.

కంపెనీ చేసిన బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అన్నారు ఒక సారు, దాని మీద 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఉందన్నారు. ఇంకొకరు పుణెలో బండ్లను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఒక్క పాత బండి ఉన్నవాడు పుణెకు పోయి ఏం తెస్తాడు సార్? మూడో సారు "పైకి రాస్తాం, నెలలో కబురు చేస్తాం" అన్నారు. వినాయక చవితికి ముందు మాట అది. ఉగాది పోయింది. గ్యాస్ కిట్‌కు, కరెంటు బండిగా మార్చుకోవడానికి ఆమోదించిన కిట్లున్నాయి, ఆర్‌సీలో ఎక్కించే పద్ధతి ఉంది. గుట్ట ఎక్కడానికి అలాంటి దారి ఒక్కటి చూపించండి.

చెప్పకుండా బిగించుకో అని చాలామంది అన్నారు. నాకు భయం. అదే చట్టం సెక్షన్ 182ఏ కింద 5 వేల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు కూడా. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. ఎనిమిదేళ్లు దాటిన బండి, ఏటా ఫిట్‌నెస్‌కు తీసుకుపోవాల్సిందే. కొత్త ఫోర్ వీల్ పికప్ కొనాలంటే లక్షల్లో మాట, అంత అప్పు నాకు పుట్టదు.

కేంద్రానికి రాయాల్సి ఉంటే రాయండి. ఇక్కడే తేలేదైతే తేల్చండి. కుదరదంటే ఆ మాటైనా కాగితం మీద ఇవ్వండి, తిరగడం మానేస్తాను. దయచేసి దారి చూపించండి సార్. జూన్‌లో వానలు పడకముందే మీ ఇన్‌స్పెక్టర్ గారిని ఒక్కసారి మా తండాకు పంపండి. ఖాళీ బండిలో, రాళ్లు వేయకుండా, ఆ ఎక్కుడు మీద నా పక్కన కూర్చోమనండి.

ఇట్లు,
చందంపేట మండలం నుంచి ఒక పికప్ డ్రైవర్