రేజర్ గురించి రాసేవాళ్లు బ్లేడు సంగతి కూడా రాయండి

సంపాదకుల వారికి,

కుర్రాళ్లు మళ్లీ పాతకాలం సేఫ్టీ రేజర్లు కొంటున్నారు, అదేనండీ, పైన మూత విప్పి రెండువైపులా పదునున్న బ్లేడు పెట్టుకునేది. అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో పేటెంటు తీసుకున్న పద్ధతే ఇప్పటికీ, పెద్దగా మారింది లేదు. మంచిదే, ఇప్పటి రేజర్లకి బ్లేడ్లు బిగించి వచ్చే తల, అదే కార్ట్రిడ్జి, ఒక్కదాని డబ్బుతో పది బ్లేడ్ల ప్యాకెట్ వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది. కానీ ఎవరు రాసినా ఏ రేజర్ కొనాలి, ఏ బ్రష్ కొనాలి అనే దగ్గరే ఆపేస్తున్నారు.

మా మేనల్లుడికి నేర్పుతుంటే నాకు తెలిసొచ్చింది ఏంటంటే, కార్ట్రిడ్జికి అలవాటు పడ్డ చెయ్యి ఊరికే నొక్కేస్తుంది. దీన్ని నొక్కకూడదు, రేజర్ బరువే చాలు. పిడి చివర వేళ్లతో వదులుగా పట్టుకుని, ముందు రేజర్ తల పైభాగాన్ని నురగ మీద చెంపకి ఆనించి, అక్కణ్ణుంచి పిడిని మెల్లగా దించుకుంటూ వస్తే ఒకచోట బ్లేడు అంచు వెంట్రుకలకి తగిలి సన్నగా గరగరమంటుంది, సుమారు 30 డిగ్రీల దగ్గర. ఆ వాలు మారకుండా పొట్టిపొట్టిగా గీయాలి. చెంపల మీద తొందరగానే వచ్చేస్తుంది. ఏడిపించేది మెడ. అక్కడ వెంట్రుకలు ఒకపక్క కిందికి, ఒకపక్క అడ్డంగా, కొందరికి గొంతు కింద పైకి కూడా మొలుస్తాయి. రెండ్రోజుల గడ్డం మీద వేలితో నిమిరి చూస్తే గరుగ్గా తగిలే వైపు ఎదురన్నమాట. కొత్తలో ఆ వైపు జోలికి పోవద్దు, సెలూన్లో నున్నగా చేయించుకున్న సరదాతో ఇంట్లో మొదటి వారమే ఎదురు గీస్తే మెడంతా ఎర్రటి పొక్కులే. చిన్న గాట్లకి పటిక ఉండనే ఉంది.

ఇక అసలు సంగతి. నాలుగైదుసార్లు గీసుకునేసరికి బ్లేడు మొద్దుబారుతుంది. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేస్తాం. ఆ కాగితం పొట్లాన్ని తడిచెత్త, పొడిచెత్త వేరుచేసే ఆవిడ చేత్తోనే తీస్తుంది, మన గడ్డానికి పనికిరాని బ్లేడు ఆవిడ వేలు కోయడానికి బాగానే పనికొస్తుంది. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లో ఇళ్ల నుంచి వచ్చే ప్రమాదకర చెత్త అంటూ సూదులు, సిరంజీలు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు పేరుపేరునా రాశారు గానీ బ్లేడు పేరెత్తలేదు.

అమెరికాలో పాత ఇళ్ల బాత్రూం అల్మారాల వెనక సన్నటి చీలిక ఉండేదట, వాడిన బ్లేడు అందులో వేస్తే గోడ లోపలికి పోయి పడేది. ఇప్పుడు ఆ గోడలు పగలగొట్టినవాళ్లకి తుప్పుపట్టిన బ్లేడ్ల కుప్పలు దొరుకుతున్నాయి! అంతకంటే మన రేకు డబ్బా నయం. మూతకి బ్లేడు పట్టేంత గాటు పెట్టి, మూత ఊడకుండా టేపు చుట్టేస్తే ఏళ్ల తరబడి నిండదు. నిండాక లోపల ఏముందో చెప్పి మరీ పాత ఇనుము వాడికి ఇవ్వాలి.

చెత్త బండి మైకులో పొద్దున్నే పాట వేస్తారు కదా, దాని మధ్యలో బ్లేడ్ల గురించి ఒక్క ముక్క చెప్పిస్తే మున్సిపాలిటీకి పైసా ఖర్చు లేదు. బ్లేడు కంపెనీలు కూడా ప్యాకెట్ మీద, కంటికి కనిపించే సైజులో, వాడినది ఎలా పారేయాలో అచ్చువేయాలి. మీరు ఈసారి షేవింగ్ మీద వ్యాసం వేస్తే రేజర్ ఫొటో పక్కన ఆ రేకు డబ్బా ఫొటో కూడా వేయండి.

- ఒక పాఠకుడు, తెనాలి