విషయం: మీరు మూసేసిన నా ఫిర్యాదును మళ్లీ తెరవడం గురించి

వరంగల్,
ఏప్రిల్ 9

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నా ఫిర్యాదు పరిష్కారమైందని మొన్న మీ నుంచి మెసేజ్ వచ్చింది. చాలా సంతోషం. ఏం పరిష్కారమైందో నాక్కూడా చెప్తే ఇంకా సంతోషిస్తాను.

నేను నర్సంపేట వైపు ఊళ్ల నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలేవాణ్ణి. మాకు ఏడాది కిరాయంతా మిర్చి వచ్చే ఆ రెండు మూడు నెలల్లోనే. సరిగ్గా మార్చిలో సైలెన్సర్ పైన లీకవుతోందని హన్మకొండలో మీ సర్వీస్ సెంటర్‌కు బండి ఇచ్చాను. పొగ లీకవకుండా అతుకు మధ్యన పెట్టే గ్యాస్కెట్ మార్చామన్నారు. బిల్లు కట్టి తెచ్చుకున్నాను. వారం తిరక్కుండా మళ్లీ టపటపా చప్పుడు, క్యాబిన్‌లో పొగ వాసన. తెలిసిన మెకానిక్ టార్చి కొట్టి చూస్తే, ఇంజన్ హెడ్‌కు మానిఫోల్డ్‌ను, అంటే పొగ గొట్టం మొదలును, పట్టి ఉంచే బోల్టుల్లో రెండిటికి తలలే లేవు. తెగిన ముక్కలు హెడ్ లోపలే ఉన్నాయి.

బోల్టు తెగడం తప్పని నేను అనను. ఏళ్ల తరబడి కాగి, చల్లారి, తుప్పు పట్టిన బోల్టు ఎవరి చేతిలోనైనా తెగుతుంది. "అన్నా, తెగింది" అని ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే లేదు. చెప్పకుండా మూసిపెట్టి బిల్లు తీసుకున్నారు, నా బాధ అదీ.

వెళ్లి అడిగితే మీ అడ్వైజర్ "ముందే తెగి ఉంటాయి సార్" అన్నాడు. ముందే తెగితే గ్యాస్కెట్ మార్చేటప్పుడు కనబడలేదా అంటే, టెక్నీషియన్‌ను అడగాలన్నాడు. టెక్నీషియన్ సెలవు. మర్నాడు టెక్నీషియన్ వచ్చాడు, అడ్వైజర్ సెలవు. మూడో రోజు ఇద్దరూ ఉన్నారు, మేనేజర్ గారు మీటింగ్‌లో ఉన్నారు. ఆ మీటింగ్ అద్దాల గదిలో. లోపల ఆయన ఒక్కరే కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నారు. ఒక్కో తొన పొర తీసి, గింజలు కాగితం మీద పెట్టి, నిదానంగా తింటున్నారు. గంటన్నర నిలబడ్డాను. బత్తాయి అయిపోయింది, మీటింగ్ కాలేదు. చివరికి అడ్వైజరే కాగితం తెచ్చిచ్చాడు: హెడ్ మొత్తం మార్చాలి, 46 వేలు, వారంటీ వర్తించదు, స్టాకు కూడా లేదు.

ఇక మీ టోల్‌ఫ్రీ. తొమ్మిదిసార్లు చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ బండి నంబరు మొదటి నుంచీ. ఒకాయన "బోల్టు ఏ కలర్‌లో ఉంది సార్?" అని అడిగాడు. ఒకమ్మాయి పాపం నిజంగానే విన్నది, "రేపు పొద్దున కాల్ వస్తుంది" అన్నది. మర్నాడు పొద్దున కాల్ వచ్చింది, సర్వీస్‌కు పదికి ఎన్ని మార్కులు వేస్తారని!

ఇంక ఆగలేక ఆటోనగర్‌లో లేత్ పెట్టుకున్న ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. రాత్రంతా ఆయిల్ పట్టించి, పొద్దున మొదటి ముక్క మీద నట్టు పెట్టి, దాని మధ్యలోంచి వెల్డింగ్ కొట్టాడు. కాస్త ఆరనిచ్చి పానాతో అటు కొంచెం, ఇటు కొంచెం ఆడిస్తూ ఉంటే కీచుమంటూ బయటికొచ్చింది. రెండోది హెడ్ అంచు కన్నా లోపలికి తెగింది. దానికి నడిమధ్యన డ్రిల్లు పెట్టబోతే బిట్టు జారిపోతోంది. లోపల ఇంకేదో ఇనుము ఉంది. అది విరిగిన ఈజీ అవుట్ కొస, అంటే తెగిన బోల్టును తిప్పి బయటికి తీసే పనిముట్టు ముక్క. మామూలు బిట్టు దాన్ని కోయదు, అంత గట్టిది. అంటే మీవాళ్లు బోల్టు తియ్యబోయి, దాన్నీ విరగ్గొట్టి, పైన గ్యాస్కెట్ వేసి బిగించి పంపారు! పెద్దాయన కార్బైడ్ బిట్టుతో సగం రోజు కూర్చుని తీసి, బోల్టు పట్టేలా రంధ్రంలో కొత్త చుట్లు కోశాడు. రెండిటికీ కలిపి 2,800 తీసుకున్నాడు. చాయ్ ఆయనే తాగించాడు.

నాన్న కొన్న మొదటి బండి మీ కంపెనీదే. నాది రెండోది, భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించి తెచ్చుకున్నాను. నా మాట మీద మా బామ్మర్ది మూడోది కొన్నాడు, ఇప్పుడు ఎదురుపడితే నవ్వుతున్నాడు. ఆ నవ్వుకు మీ ఎస్టిమేట్‌లో ఎంత వేస్తారు?

ఆ 2,800, గ్యాస్కెట్ బిల్లు, బండి ఆగిన ఆరు రోజుల కిరాయి ఇవ్వండి. ఇవ్వకపోయినా సరే, విరగ్గొట్టినవాళ్లు విరగ్గొట్టామని కాగితం మీద రాసివ్వండి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదట. మార్కెట్‌లో బండ్లు వరుసలో ఆగినప్పుడు డ్రైవర్లకు మాట్లాడుకోవడం తప్ప పనుండదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

ఈజీ అవుట్ కొస నా దగ్గరే ఉంది, మందుల డబ్బాలో దూది చుట్టి పెట్టాను. ఫొటో జతచేశాను.

ఇట్లు,
మీ రికార్డులో పరిష్కారమైపోయిన కస్టమర్

తా.క.: మార్కులు అడిగిన అమ్మాయికి సున్నా అని చెప్పాను. ఒకటి నుంచే మొదలవుతుందన్నది. ఆ ఒకటి ఆటోనగర్ పెద్దాయనకు వేసుకోండి.