తాయెత్తులోని అంకెల గడి

సంపాదకులకు నమస్కారం.

దర్గా తాయెత్తులపై గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం, వాటిని నమ్ముకుని వైద్యం ఆలస్యం చేయవద్దని హెచ్చరించినంత వరకు సమంజసంగానే ఉంది. అయితే ఆ కాగితాల మీది రాతను పిచ్చిగీతలని కొట్టిపారేయడం మాత్రం, గుంటూరులో చాలా ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన నాకు మింగుడుపడలేదు.

ఆ గీతల్లోంచే తన కళను పెంచుకున్న అల్జీరియా కళాకారుడు రషీద్ కొరైషీ. 1947లో అయిన్ బేదాలో, ఖురాన్ ప్రతులు రాసే సూఫీ కుటుంబంలో పుట్టిన ఆయన అరబ్బీ అక్షరాలను, అంకెలను, తాయెత్తు గుర్తులను గుడ్డ మీద, పింగాణీ మీద, లోహం మీద పరుస్తారు. రూమీ, ఇబ్న్ అరబీ వంటి 14 మంది సూఫీ గురువులను స్మరిస్తూ రూపొందించిన ఆయన గుడ్డ పతాకాలకు 2011లో లండన్‌లో, ఇస్లాం సంప్రదాయ స్ఫూర్తితో చేసే కళకు ఇచ్చే జమీల్ బహుమతి లభించింది.

ఆ అంకెల వెనుక లెక్క ఉంది. అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది; మన ఆటోల మీద కనిపించే 786, దేవుని పేరుతో మొదలయ్యే బిస్మిల్లా వాక్యంలోని అక్షరాల విలువలు కూడితే వచ్చే మొత్తమే. 1 నుంచి 9 దాకా అంకెలను ఎటు కూడినా 15 వచ్చేలా తొమ్మిది గళ్లలో అమర్చి, కాన్పు సులువవడానికి గర్భిణికి ఇచ్చే ఆచారం వెయ్యేళ్ల కిందటి అరబ్బీ గ్రంథాల్లోనే ఉంది. దానివల్ల కాన్పు సులువవుతుందని నేను నమ్మను. కానీ పక్క గదిలో ఒకామె నొప్పులు పడుతుండగా, చెయ్యి వణకకుండా ఆ గళ్లు గీసినవాడి ఏకాగ్రతను కళ కాదనలేను.

తాయెత్తు ఆశించే స్వస్థతను కొరైషీ జబ్బుకే పరిమితం చేయలేదు. ఐరోపాకు పడవల్లో బయలుదేరి మధ్యధరా సముద్రంలో మునిగిపోయిన, చాలామందికి పేరైనా తెలియని వలసదారుల కోసం ట్యునీషియాలోని జర్జీస్‌లో ఆయన నిర్మించిన శ్మశానవాటిక 2021లో ప్రారంభమైంది. సమాధుల మీద పక్షులు తాగేందుకు వాననీరు నిలిచే గిన్నెలు పెట్టారు. ఇస్లాం మూలస్తంభాలకు గుర్తుగా 5 ఆలివ్ చెట్లు, క్రీస్తు శిష్యులకు గుర్తుగా 12 ద్రాక్షతీగలు నాటారు.

కాలే మస్తాన్ దర్గాకు మొక్కుకుని, పుట్టిన బిడ్డలకు మస్తానరావు, మస్తానమ్మ అని పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలున్న గుంటూరుకు ఈ కలయిక వింతేమీ కాదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మా అమ్మ ముందు దర్గాలో నెమలి ఈకలతో విసిరించి, అటునుంచి అటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. ఏది పనిచేసిందో ఆమె ఎన్నడూ అడగలేదు.

విజయవాడ, గుంటూరు చిత్రకళా విద్యార్థులు తాయెత్తులు రాసే పెద్దల దగ్గర కూర్చుని, వారి అనుమతితో ఆ గళ్లను, కలం పట్టే తీరును, కుంకుమపువ్వుతో సిరా కలిపే పద్ధతిని నమోదు చేయాలని నా మనవి. అందుకు మీ ఆదివారం అనుబంధం ఒక పేజీ ఇవ్వగలిగితే, నేను ఏళ్ల తరబడి గీసి దాచుకున్న నకళ్లను పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగు మాస్టారు,
గుంటూరు